మూగపెట్టెల మేలుకొలుపు

ముందుగా ఒక మాట. నేను అక్షరాలు ఆలస్యంగా నేర్చుకున్నదాన్ని. ఎక్కడో ఒక ఒత్తు జారిపోయి ఉంటుంది, ఎక్కడో ఒక దీర్ఘం అక్కర్లేకుండా సాగి ఉంటుంది. సర్దుకుని చదవండి. రాయడం కూడా నాకు నత్తనడకే. ఈ కథ మొదలుపెట్టినప్పుడు వానలు పడుతున్నాయి, ఇప్పుడు ఫ్యాను లేకుండా కూర్చోలేకపోతున్నాను. ఇందులో ఒక అత్తగారు వస్తుంది. ఆవిడ నేనే అనిపిస్తే అనిపించనివ్వండి. కథ మాత్రం కోడలిది. ఆమె చెప్పింది కొంత, చెప్పకపోయినా నాకు తెలిసింది కొంత.

మూగపెట్టెలు వ్యానులో దిగిన సాయంత్రం చదువుల గదిలో పాఠం జరగలేదు.

ఆ గది ఒక లాండ్రీ పైన ఉంది. మెట్లెక్కుతుంటేనే ఇస్త్రీ ఆవిరి మొహానికి తగులుతుంది. సాయంత్రాలు అక్కడ పెద్దవాళ్ళు చదువుకుంటారు. ఆఫీసులు ఊడ్చేవాళ్ళు, ఆసుపత్రిలో పనిచేసే ఆయా, మనవల్ని బడి నుంచి ఇంటికి చేర్చి తాము బడికి వచ్చే అవ్వలు. పాఠం చెప్పేది రిటైరైన టీచరమ్మ. ఒక టికెట్ల ఆఫీసు మూతపడి పాత కంప్యూటర్లు పారేస్తోందని ఎవరో ఆమె చెవిన వేస్తే, వెళ్ళి బతిమాలి అన్నింటినీ ఎత్తించుకొచ్చింది. పుస్తకమంత వెడల్పున, నల్లగా, లోపల ఫ్యాను కూడా లేని పెట్టెలు.

"ఇవి కంప్యూటర్లా, టిఫిను డబ్బాలా?" అంది ఆయా.

"ముందు దుమ్ము దులపండి, తర్వాత చూద్దాం" అంది టీచరమ్మ.

ఆ మాట అనకుండా ఉండాల్సింది. పని దొరికితే వదిలే చేతులు కావవి. తడిగుడ్డలు పట్టుకుని పెట్టెల్ని తోమిపారేశారు. అడుగున అంటించిన కాగితాల్ని కూడా గోళ్ళతో గీకి, జిగురు మరక లేకుండా అద్దంలా చేశారు. టీచరమ్మ మురిసిపోయింది. ఆ కాగితాల మీద ఏముందో ఒక్కరూ చదవలేదు. చదవడం నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళే అంతా.

అప్పుడు కోడలిని పిలిపించారు. ఆమెకు అదే వీధి చివర రిపేరు కొట్టు ఉంది. ఫోన్ల అద్దాలు మార్చడం, తడిసిన ల్యాప్‌టాపులు ఆరబెట్టడం ఆమె పని. ఒక పెట్టెకి తెర తగిలించి మీట నొక్కింది. తెర మీద కంపెనీ బొమ్మ వచ్చింది, దాని కింద ఒక చుక్క గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. అలా తిరుగుతూనే ఉంది.

"ఏమంటోంది?" అని అడిగింది టీచరమ్మ.

"యజమాని కోసం వెతుకుతోందండి. వీటిని థిన్ క్లయింట్లంటారు. ఇవి సొంతంగా ఏమీ చేయవు. ఎక్కడో పెద్ద కంప్యూటరు ఉంటుంది, అది చేసిన పని వీటి తెర మీద కనిపిస్తుంది. ఆ పెద్దదాన్ని కంపెనీవాళ్ళు ఎప్పుడో ఆపేశారు. ఇది ఇంకా పిలుస్తూనే ఉంది."

"వేరే పెద్దదాన్ని చూపిస్తే?"

"ఒప్పుకోదు. లోపల ఎనిమిది కాళ్ళ చిప్పు ఒకటి ఉంటుంది. మీట నొక్కగానే ముందు లేచేది దానిలోని ప్రోగ్రామే. ఫర్మ్‌వేర్ అంటారు. మన ఇంటి తలుపు దగ్గర పక్కింటివాళ్ళు కాపలా పెట్టిన మనిషి లాంటిది. కంపెనీ వాళ్ళది తప్ప ఇంకేదీ లోపలికి రానివ్వదు."

"ఆ మనిషినే మార్చేస్తే?" అంది మూల బల్ల దగ్గర నుంచి అత్తగారు.

కోడలు వెనక్కి తిరిగి చూసింది. అత్తగారు భూతద్దం కిందపెట్టి ఇటే చూస్తోంది. చూడడమంటే కొంచెం పక్కకి తల తిప్పి చూడడం. చూపు నడిమధ్య మసక వచ్చిందని, ఆపరేషనుతో పోయేది కాదని కంటి డాక్టరు చెప్పి అప్పటికి కొన్నాళ్ళయింది.

"మార్చొచ్చు అత్తా. కానీ ఈ రకం పెట్టెకి ఎవరూ మార్చలేదు" అని ఆ పూటకి తప్పించుకుంది కోడలు.

అదే రోజు ఇంటికి వెళ్ళేటప్పుడు మెట్ల మీద ఆగి ఫోను చూసుకుంటుంటే పైనుంచి మాటలు వినిపించాయి.

"నేను ఈ నెలాఖరుకి మానేస్తానండి" అంటోంది అత్తగారు. "భూతద్దంలో ఒక్కో అక్షరమే పడుతోంది. పదం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోతున్నాను. నా మూలంగా మిగతావాళ్ళు ఆగుతున్నారు."

"పెద్ద అక్షరాల్లో రాసిస్తాను."

"మొన్న రాసిచ్చారుగా. ఒక్క పేజీకి మీ వేళ్ళు పడిపోయాయి."

కోడలు చప్పుడు చేయకుండా దిగిపోయింది.

మామగారు బతికున్నంతకాలం అత్తగారికి కళ్ళు ఆయనే. బస్సు బోర్డు ఆయనే చదివేవారు, మందు సీసా ఆయనే చదివేవారు, గోడ మీద సినిమా పోస్టరు కూడా బిగ్గరగా చదివి వినిపించేవారు. ఆయన పోయాక ఆవిడ స్టాపులో నిలబడి బస్సుల్ని వదిలేయడం మొదలైంది. పక్కవాళ్ళని అడగడానికి మొహమాటం. అందుకే ఆ వయసులో చదువుల గది మెట్లెక్కింది. అక్షరాలు కూడబలుక్కున్నాక ఆవిడకి కొత్త అలవాటు ఒకటి పట్టుకుంది. కొడుకు బస్సు డ్రైవరు. పొద్దున్నే స్టాపుకి వెళ్ళి, కొడుకు బస్సు వచ్చి ఆగగానే దాని నెత్తి మీది బోర్డు ఊరందరికీ వినిపించేలా చదివేది.

"నాకు తెలుసమ్మా, నడిపేది నేనే" అనేవాడు కొడుకు.

"నీకు తెలిస్తే సరిపోయిందా? నాకు తెలియాలి" అనేది.

ఈ మధ్య ఆవిడ స్టాపుకి వెళ్ళడం లేదు. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు. కోడలికి ఇప్పుడు తెలిసింది.

మర్నాడు వెళ్ళి ఒక పెట్టె అడిగి కొట్టుకి తెచ్చుకుంది.

ఓపెన్ సోర్స్ అని ఒక పద్ధతి ఉంది. రాసిన ప్రోగ్రామును ఎవరూ తాళం వేసి దాచుకోరు. ఎవరైనా చదవొచ్చు, మార్చొచ్చు, తమ మార్పును తిరిగి అందరికీ ఇవ్వొచ్చు. కంప్యూటర్లను నిద్రలేపే ఫర్మ్‌వేర్ కూడా అలా రాసుకునేవాళ్ళు దేశదేశాల్లో ఉన్నారు. కోడలు వెతగ్గా వెతగ్గా ఈ పెట్టెకి పెద్దనాన్న కొడుకు వరసయ్యే బోర్డు, అంటే చిప్పులన్నీ అతికించి ఉండే పలక, ఒకటి దొరికింది. దానికి ఎవరో ఎప్పుడో ఫర్మ్‌వేర్ రాసి పెట్టారు. దాన్ని తెచ్చి ఈ పెట్టెకి సరిపోయేలా కత్తిరించి కుట్టుకోవాలి. పెద్దవాడి చొక్కా చిన్నవాడికి సరిచేసినట్టు అనుకుంది. అది పొరపాటని తొందరలోనే తెలిసింది. చొక్కా అయితే వదులో బిగువో అవుతుంది. ఇక్కడ ఒక్క గుండీ తేడా వస్తే మనిషే లేవడు.

చిప్పుకి క్లిప్పు పెట్టి, లోపల ఉన్న పాత ప్రోగ్రామును చదివి భద్రంగా దాచుకుంది. తర్వాత కొత్తది రాసి మీట నొక్కింది. ఏమీ లేదు. తెర నల్లగా ఉంది. మళ్ళీ మార్చి, మళ్ళీ రాసి, మళ్ళీ నొక్కింది. ఉలుకూ పలుకూ లేదు. ఇలాంటప్పుడు పెట్టె లోపలి నుంచి మూడు తీగలు బయటికి తీసి మన కంప్యూటరుకి కలుపుకుంటారు. నిద్రలేచేటప్పుడు అది తనలో తాను గొణుక్కునే మాటలు వాటిలోంచి వస్తాయి. గొణుగుడు కూడా రాకపోతే ఇంకా నిద్రలోనే ఉన్నట్టు.

కొట్టుకి వచ్చినవాళ్ళు బల్ల మీద విప్పిపడేసిన ఆ పెట్టెని చూసి నవ్వేవారు. "దీన్ని తూకానికి వేస్తే కూడా ఎవరూ తీసుకోరు" అన్నాడు ఫోను బాగుచేయించుకోవడానికి వచ్చిన కొరియరు.

"తూకానికి కాదు, మాట్లాడించడానికి పెట్టాను" అంది కోడలు.

ఒకనాటి మధ్యాహ్నం అత్తగారు అన్నం డబ్బా తెచ్చేసరికి మూడు తీగల్లోంచి ఏదో వస్తోంది. తెర నిండా గీతలు, చుక్కలు, ఎవరికీ తెలియని గుర్తులు.

అత్తగారు మొహం పక్కకి తిప్పి చూసింది. "ఇదేం భాష?"

"భాష కాదు అత్తా, చెత్త."

"నా మొదటి పలక ఇంతకంటే నయం."

"మాట్లాడుతోంది, అది చాలు. అది చెప్పే వేగం ఒకటి, నేను వినే వేగం ఒకటి. రెండూ కలిపితే అర్థమవుతుంది" అంటూ కోడలు వేగం మార్చి చూసింది. ఇంకోలాంటి చెత్త వచ్చింది. మళ్ళీ మార్చింది.

"మీ మామయ్యతో నాకూ ఇదే తంటా" అంది అత్తగారు డబ్బా మూత తీస్తూ. "పెళ్ళయిన కొత్తలో ఆయన ఏం మాట్లాడేవారో నాకు తెలిసేది కాదు. గడగడా అనేసి వెళ్ళిపోయేవారు. నేను ఊఁ కొట్టేదాన్ని. తిను, చల్లారిపోతుంది."

ముద్ద నోట్లో ఉండగానే మూడోసారి మార్చిన వేగం కలిసింది. తెర మీద ఒక వరుస వచ్చింది. ఎవరైనా చదవగలిగే అక్షరాలతో, ఫర్మ్‌వేర్ పేరు, అది తయారైన తేదీ. దాని కింద ఇంకో వరుస. తర్వాత ఆగిపోయింది. కోడలు నమలడం మరిచిపోయి చూస్తూ ఉండిపోయింది. అన్నాళ్ళూ మొండికేసిన పెట్టె నోరు విప్పి తన పేరు చెప్పింది.

"ఏమంది?" అంది అత్తగారు.

"పేరు చెప్పింది."

"మరి ఆగిపోయిందే?"

"తర్వాత ఏం చెప్పాలో తెలియలేదు దానికి."

"నాకూ అక్కడే ఆగింది మొదట్లో" అంది అత్తగారు, డబ్బా మూత పెట్టేస్తూ.

ఆగిపోయిన చోటు జ్ఞాపకం. కంప్యూటరు నిద్రలేచిన క్షణంలో దానికి జ్ఞాపకశక్తి ఉండదు. మెమరీ చిప్పులు పక్కనే ఉంటాయి, కానీ ఉన్నాయన్న సంగతి దానికి తెలియదు. వాటితో ఏ వేగాన మాట్లాడాలో, ఎంతసేపు ఆగాలో ఫర్మ్‌వేరే ప్రతిసారీ కొత్తగా చెప్పాలి. ఆ అంకెలు కోడలు పెద్దనాన్న కొడుకు బోర్డు నుంచి తెచ్చి పెట్టింది. పెట్టె ప్రతిసారీ అక్కడికే వచ్చి కూలబడుతోంది.

ఈ ఫర్మ్‌వేర్ రాసుకునేవాళ్ళకి ఇంటర్నెట్టులో ఒక చావడి లాంటిది ఉంది. అక్కడ తన అవస్థ రాసింది. జవాబిచ్చినవాడికి పేరు లేదు, గుడ్లగూబ బొమ్మ ఉంది. ఏ దేశమో, ఆడో మగో కూడా తెలియదు. గుడ్లగూబ మాటలు పుల్ల విరిచినట్టుంటాయి.

"ఆ అంకెలు వేరే బోర్డువి. నీ మెమరీ చిప్పు మీద ఏం రాసి ఉందో చదివావా?"

చదవలేదు. ఆవగింజలో సగం ఉండే అక్షరాలవి. ఇంటికి వెళ్ళి అత్తగారి భూతద్దం అడిగి తెచ్చుకుంది. చిప్పు మీద రాత వేరుగా ఉంది. సరైన అంకెలు వెతికి పెట్టేసరికి పెట్టె జ్ఞాపకంతో సహా లేచి కూర్చుంది. తర్వాత తెర వెలిగించడానికి ఇంకొంత కుస్తీ. చివరికి కంప్యూటరును నడిపించే ఒక చిన్న లైనక్స్, అదీ ఓపెన్ సోర్సే, దాని మీద పుస్తకం చూపించే ప్రోగ్రాము. అక్షరాల్ని పెంచుకుంటూ పోయింది. తెరకి నాలుగు పదాలు పట్టేంత పెద్దవి చేసి అత్తగారిని పిలిచి కూర్చోబెట్టింది.

ఆవిడ తల పక్కకి తిప్పింది. పెదవులు కదిలాయి. ఒక వాక్యం మొత్తం, మధ్యలో ఆగకుండా, మీట నొక్కి తెర కిందికి దించుకుంటూ చదివింది. "భూతద్దం నీ దగ్గరే ఉంచుకో" అని చెప్పి వెళ్ళిపోయింది.

కోడలికి కాళ్ళు నేల మీద నిలవలేదు. తన మార్పును చావడిలో పెట్టింది. గుడ్లగూబ చూసి రాసింది: "ఎన్ని పెట్టెల మీద చూశావు?"

"ఒకటి."

"అయితే ఒకటి పనిచేసింది. ఇంకో సంగతి. రాసినవాళ్ళ పరీక్ష మా దగ్గర చెల్లదు. ఇంకెవరైనా పరీక్షించి, 'పరీక్షించినవారు' అన్న చోట తమ పేరు పెట్టాలి. అప్పుడే తీసుకుంటాం."

చాదస్తం, అనుకుంది కోడలు.

మిగతా పెట్టెలు కొట్టుకి తెప్పించింది. ప్రతి చిప్పులోనూ ముందు పాతది చదివి దాచుకోవాలి, ఆ తర్వాతే కొత్తది రాయాలి. ఈ పనిలో మొదటి పాఠం అదే, ఆమెకు తెలియక కాదు. కానీ నెలాఖరు దగ్గరపడింది. అత్తగారు మానేస్తానన్న మాట చెవిలో తిరుగుతోంది. అన్నీ ఒకే అచ్చు కదా, అనుకుంది. పనిచేసిన పెట్టె చిప్పులో ఉన్నదాన్ని ఉన్నట్టుగా మొత్తం తీసుకుని, మిగతా అన్నింటిలోకీ దింపేసింది. ఒక్కోదాన్నీ కొట్టులో వెలిగించి చూసింది. అన్నీ చక్కగా లేచాయి.

చదువుల గదిలో బల్లల వెంట పెట్టెలు అమర్చారు. పుస్తకాలన్నీ టీచరమ్మ బల్ల కింది పాత కంప్యూటరులో ఉన్నాయి. అక్కడి నుంచి తీగలు అందరి పెట్టెలకీ వెళ్ళాయి. అందరూ ఒకేసారి మీట నొక్కారు. తెరలన్నీ వెలిగాయి. అరచేతులంత అక్షరాలు చూసి ఆయా "మా ఆసుపత్రి బోర్డు కూడా ఇంత లేదు" అంది.

అత్తగారు మొదలుపెట్టింది. "వాన వెలిసిన తరువాత..." తెర దించింది. దిగలేదు. మళ్ళీ నొక్కింది. ఒక్క క్షణం కదిలి, సగం పుటలో నిలిచిపోయింది.

"నాది ఆగిపోయింది" అంది పక్క బల్లావిడ.

"నాది కదిలింది. లేదు, నాదీ ఆగిపోయింది."

"నువ్వేం నొక్కావు?"

"నేనేం నొక్కలేదు. నువ్వే అన్నీ నొక్కుతున్నావు, ఇందాకటి నుంచి చూస్తున్నాను."

కోడలు ఒక్కో పెట్టె దగ్గరికీ పరుగెత్తింది. ఆపి వెలిగిస్తే అది లేస్తుంది, కాస్త చూపిస్తుంది, అంతలో ఇంకొకటి కదిలితే ఇది ఆగుతుంది. మెమరీ అంకెలే తప్పనుకుంది.

అత్తగారు కీబోర్డు మీంచి చేతులు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "నా చెయ్యి పడింది కదా, అంతే" అంది తనలో తాను అనుకున్నట్టు. కొంచెంసేపు అలాగే కూర్చుని, లేచి, గోడ పట్టుకుని మెట్లు దిగిపోయింది.

మర్నాడు వెళ్ళలేదు. ఆ మర్నాడూ వెళ్ళలేదు. పాఠాల పుస్తకం బీరువా మీదకి చేరింది. అందుకోవాలంటే స్టూలు ఎక్కాలి.

"అమ్మ ఏమైనా అందా?" అని అడిగాడు భర్త, అన్నం తింటూ.

"ఏమీ అనలేదు బావా."

"అదే. ఏమైనా అంటే బాగుండేది."

కోడలు రెండు పెట్టెల్ని కొట్టుకి తెచ్చుకుని, పుస్తకాలు దింపిన తన ల్యాప్‌టాపుకి తీగలతో కలిపింది. ఒకటి ఒంటరిగా వెలిగిస్తే గంటలకొద్దీ పనిచేస్తోంది. రెండోది ఒంటరిగా వెలిగిస్తే అదీ పనిచేస్తోంది. రెండూ కలిస్తే ఆగుతున్నాయి. మెమరీ తప్పయితే ఒంటరిగా ఉన్నా ఆగాలి. తీగలు మార్చింది, ప్లగ్గులు మార్చింది. చివరికి రెండు తెరల మీదా నెట్‌వర్కు వివరాలు తెరిచి పక్కపక్కన పెట్టింది. ఇటు చదివింది, అటు చదివింది. రెండింటి మీదా ఒకే సంఖ్య.

నెట్‌వర్కులో ప్రతి పెట్టెకీ ఒక సంఖ్య ఉంటుంది. ఇంటి నంబరు లాంటిది, ఇంకొకరికి ఉండదు. వీటిని తయారుచేసినవాళ్ళు దాన్ని ఆ ఎనిమిది కాళ్ళ చిప్పులోనే ఒక మూల రాసి ఉంచారు. ఒక చిప్పులో ఉన్నదంతా మిగతావాటిలోకి దింపినప్పుడు, మొదటి పెట్టె సంఖ్యని అన్నింటికీ తానే ఇచ్చేసింది. వీధి మొత్తానికీ ఒకే ఇంటి నంబరు ఉంటే ఉత్తరాలు పంచేవాడు ఏం చేస్తాడు? చివరగా ఎవరు కేకేస్తే వాళ్ళ గుమ్మంలో పడేసి పోతాడు. పుటలన్నీ అలాగే పోయాయి.

మిగతావాటి పాత సంఖ్యలు తిరిగి పెట్టాలంటే తన దగ్గర దాచినవి లేవు. పెట్టె అడుగున కాగితం మీద కూడా ఆ సంఖ్య ఉంటుందని గుర్తొచ్చి తిరగేసి చూసింది. నున్నగా, అద్దంలా మెరుస్తోంది. ఎవరి మీద కోపం రావాలో తెలియక కోడలు ఒక్కతే నవ్వింది. వాళ్ళు కాగితాలు తోమారు, తాను చిప్పులు తోమింది.

సిగ్గు చంపుకుని గుడ్లగూబకి ఉన్నదున్నట్టు రాసింది. ఈసారి జవాబు కొంచెం పొడుగ్గా వచ్చింది.

"మాలో ఈ పని చేయనివాళ్ళు తక్కువ. నేనూ చేశాను, ఒక ఆఫీసు మొత్తానికి. సంఖ్యలు మీరే పెట్టుకోవచ్చు. ముందు భాగంలో ఒక గుర్తు ఉంచాలి. అది ఉంటే కంపెనీ ఇచ్చింది కాదు, ఇంట్లోవాళ్ళే పెట్టుకున్నారని అందరికీ తెలుస్తుంది. ఒక గదిలో రెండు ఒకేలా ఉండకూడదు. అంతే నియమం."

పెట్టెలు సరిచేయడం తేలికే. మనిషి సంగతే తేలలేదు. రెండు పెట్టెలకీ వేరువేరు సంఖ్యలు పెట్టి, ఆదివారం పొద్దున ల్యాప్‌టాపుతో సహా ఇంటికి మోసుకొచ్చి వంటింటి బల్ల మీద కలిపి పెట్టింది.

"అత్తా, ఒకసారి ఇలా రా."

"కూర మాడుతుంది."

"పొయ్యి కట్టెయ్. ఆ రోజు తప్పు నీది కాదు, నాది."

"నన్ను ఓదార్చకు. నేనేం చిన్నపిల్లని కాదు."

"ఓదార్చడం కాదు. అన్ని పెట్టెలకీ ఒకే నంబరు రాశాను. తొందరపడి. ఒకదానికి రావాల్సింది ఇంకొకదానికి పోయింది. నువ్వు ఏం నొక్కినా ఆగిపోయేవే."

అత్తగారు గరిటె పట్టుకునే వచ్చింది. "నువ్వు తొందరపడ్డావా? పప్పులో ఉప్పు వేయాలంటేనే మూడుసార్లు అడుగుతావు."

"నువ్వు నెలాఖరుకి మానేస్తానన్నావు కదా. మెట్ల మీద విన్నాను."

అత్తగారు గరిటె బల్ల మీద పెట్టింది.

"దొంగచాటుగా వినడం మీ అమ్మ నేర్పిందా?" అంది. గొంతులో కోపం లేదు. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇప్పుడు నీ ఇష్టం వచ్చినట్టు నొక్కు. పాడైతే నాదే పూచీ."

"ఇష్టం వచ్చినట్టా?"

"ఇష్టం వచ్చినట్టే."

ఆవిడ మొదట ఒక వేలితో నొక్కింది. తర్వాత రెండు చేతులూ వేసింది. పిండి పిసికినట్టు కీబోర్డంతా నొక్కింది. అక్షరాల బుట్ట బోర్లాపడ్డట్టు తెర నిండిపోయింది. పక్కన రెండో పెట్టె మీద కోడలు దించుతున్న పుట నింపాదిగా కదులుతూనే ఉంది. ఒకటి కదిలితే ఇంకొకటి ఆగడం లేదు. అత్తగారు ఈసారి దాని దగ్గరికి జరిగి దాన్నీ పిసికింది. రెండూ బతికే ఉన్నాయి.

"ఏమీ కావడం లేదే" అంది, కొంచెం నిరాశగా.

"అదే చెబుతున్నాను."

కొడుకు తలుపులోంచి తొంగి చూసి, తల్లి రెండు కీబోర్డుల మీద పడి ఉండడం చూసి, వెళ్ళి బీరువా మీది పుస్తకం దించి బల్ల మీద పెట్టాడు.

సోమవారం సాయంత్రం చదువుల గదిలో కోడలు జరిగింది దాచకుండా చెప్పింది. టీచరమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఇందులో వింతేముంది? మొదటిరోజు పేర్లు రాయమని, ఎలా రాయాలో చూపిద్దామని బోర్డు మీద నా పేరు రాశాను. పలకలు తీసుకుని చూస్తే అందరూ నేనే."

"మీ పేరు రాయడం తేలికండి" అంది ఆయా. "మా పేరుకి అన్నీ ఒత్తులే."

ఒక్కో పెట్టెకీ కొత్త సంఖ్య పెట్టాలి. తన ఇష్టానికి పెట్టేయవచ్చు, కానీ కోడలు ఒక్కొక్కరినీ అడిగింది. ఆయా తన వార్డు మంచాల నంబర్లు చెప్పింది. ఇంకొకావిడ మనవరాలు పుట్టిన తేదీ చెప్పింది. అత్తగారు ఆలోచించి, "మీ మామయ్య నన్ను ఎక్కించే బస్సు నంబరు వెయ్" అంది. "ఇప్పుడా బస్సు లేదు. ఇంకెవరూ అడగరు."

అందరూ ఒకేసారి మీట నొక్కారు. కోడలు గోడకి ఆనుకుని తెరల వైపు చూసింది.

"వాన వెలిసిన తరువాత" అని మొదలుపెట్టింది అత్తగారు. తెర దించింది. దిగింది. పక్కావిడా దించింది, ఆయా దించింది. గదిలో తలా ఒక పుట, తలా ఒక వాక్యం, ఎవరి గొంతు వాళ్ళది. లాండ్రీలోంచి ఆవిరి పైకి వస్తోంది. అత్తగారు వాక్యం చివరికి చేరింది, మొదలు మరిచిపోలేదు. ఆగకుండా రెండో వాక్యంలోకి వెళ్ళింది. నెమ్మదిగానే. ఈసారి ఎవరూ ఆవిడ కోసం ఆగనక్కర్లేదు, ఆవిడ ఎవరి కోసమూ తొందరపడనక్కర్లేదు.

పాఠం అయ్యాక కోడలు ఆవిడ పక్కన కూర్చుంది. "అత్తా, ఇంకో పని. ఇది నేను రాశాను కాబట్టి నా పరీక్ష చెల్లదట. వేరేవాళ్ళు పరీక్షించి పేరు పెట్టాలట."

"టీచరమ్మని పెట్టమను."

"ఆదివారం వంటింట్లో పరీక్షించింది టీచరమ్మా?"

అత్తగారు తెర వైపు తల తిప్పింది. 'పరీక్షించినవారు' అన్న మాట పెద్ద అక్షరాల్లో ఉంది, దాని పక్కన ఖాళీ. ఆవిడ ఒక్కో మీటా వెతుక్కుంటూ, ఒత్తు దగ్గర తడబడి, చెరిపి, మళ్ళీ కొట్టి, తన పేరు పూర్తి చేసింది. వేలితో తెర మీద అక్షరం అక్షరం తడుముతూ పైకి చదివింది.

రెండు రోజులకి గుడ్లగూబ అడిగింది: "ఈ లిపి నాకు రాదు. ఇది పేరేనా?"

"పేరే" అని రాసింది కోడలు. "మా అత్తగారిది. ఎన్ని రకాలుగా నొక్కాలో అన్ని రకాలుగా నొక్కి చూసింది."

"అలాంటివాళ్ళే కావాలి. ఉన్నది ఉన్నట్టు ఉంచుతాం."

మర్నాడు పొద్దున స్టాపులో బస్సు ఆగింది. బోర్డు దూరం నుంచి కనపడదు కాబట్టి అత్తగారు బస్సుకి బాగా దగ్గరగా వెళ్ళి, తల పక్కకి తిప్పి, సగం చదివి, సగం గుర్తుచేసుకుని, బిగ్గరగా చెప్పింది. ఎక్కేవాళ్ళు ఆగి విన్నారు.

"తెలుసమ్మా" అన్నాడు కొడుకు.

"తెలిస్తే పోనీ బండి" అంది.

ఈ కథ ఆ గదిలోనే, మూల బల్ల దగ్గరి పెట్టె మీద రాశాను. గదిలో అందరూ నన్ను పెద్దక్షరాలమ్మ అంటారు. వయసు డెబ్భై రెండు. లాండ్రీ ఉన్న వీధిలో, రిపేరు కొట్టు వెనక ఇంట్లో, కొడుకూ కోడలి దగ్గర ఉంటున్నాను. అసలు పేరు కావాలంటే ఆ ప్రోగ్రాములో చూసుకోండి, అక్కడ ఉంది.